డ్రైవర్ కొనేముందు లాఫ్ట్ చూడండి

సంపాదకులకు నమస్కారం.

మన హైదరాబాద్ నగరంలో కొత్తగా గోల్ఫ్ నేర్చుకుంటున్న మధ్యవయస్కుల గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఐటీ ఉద్యోగులు, వైద్యులు, పదవీ విరమణ చేసిన అధికారులు తెల్లవారకముందే లేచి మైదానానికి చేరుకోవడం గురించి అందులో రాసినదంతా నిజమే. అయితే ఆటకు కావలసిన సామగ్రి దగ్గరికి వచ్చేసరికి, మంచి కంపెనీ డ్రైవర్, అంటే బంతిని దూరం కొట్టే కర్ర, ఒకటి కొనుక్కుంటే చాలునన్న ఒక్క వాక్యంతో ఆ వ్యాసం సరిపెట్టింది. సరిగ్గా ఆ ఒక్క వాక్యాన్ని నమ్ముకునే మన ఊళ్లో చాలామంది యాభై, అరవై వేల రూపాయలు పోసి, తమకు ఏమాత్రం నప్పని డ్రైవర్‌ను ఇంటికి తెచ్చుకుంటున్నారు. వారానికి ఒకటి రెండుసార్లు సరదాగా ఆడేవారు డ్రైవర్‌ను ఎలా ఎంచుకోవాలన్నది వివరంగా చెప్పుకోవలసిన విషయమని నా నమ్మకం. అందువల్ల ఈ లేఖ కాస్త నిడివిగానే ఉంటుంది; ఓపికగా చదివి ప్రచురించగలరని మనవి.

గోల్ఫ్ పరిచయం లేని పాఠకుల కోసం ఒక మాట. ఆటగాడు తన సంచిలో 14 క్లబ్బుల (బంతిని కొట్టే కర్రల) వరకు పెట్టుకోవచ్చు. వాటిలో అన్నిటికంటే పొడవైనది, అన్నిటికంటే పెద్ద తల ఉన్నది డ్రైవర్. పొడవైన హోల్‌లో మొదటి దెబ్బ, అంటే టీ అనే చిన్న మేకు మీద నిలబెట్టిన బంతిని కొట్టే దెబ్బ, సాధారణంగా దీనితోనే కొడతారు. దాని ఫేస్, అంటే బంతిని తాకే ముఖం, నిలువుకు ఎంత వెనక్కి వాలి ఉంటుందో దానిని లాఫ్ట్ అంటారు. మార్కెట్‌లో దొరికే డ్రైవర్లలో ఇది ఎక్కువగా 9 నుంచి 12 డిగ్రీల వరకు ఉంటుంది. నా వాదన అంతా ఈ మూడు డిగ్రీల తేడా చుట్టూనే తిరుగుతుంది: సరదా ఆటగాడు తక్కువ లాఫ్ట్, బిరుసైన షాఫ్ట్ (తలకు బిగించిన కడ్డీ), ఎక్కువ పొడవు ఉన్న డ్రైవర్‌ను వదిలి, ఎక్కువ లాఫ్ట్, తేలికైన షాఫ్ట్, కాస్త తక్కువ పొడవు ఉన్నదాన్ని ఎంచుకోవాలి. బ్రాండ్ గురించిన ఆలోచన ఆ తరువాత చేసినా నష్టం లేదు.

దీనికి కారణం అంకెల్లోనే కనిపిస్తుంది. అమెరికాలోని పురుష ప్రొఫెషనల్స్ పోటీల వరుస అయిన పీజీఏ టూర్‌లో డ్రైవర్ తల బంతిని తాకే క్షణాన దాని వేగం సగటున గంటకు 115 మైళ్లకు దగ్గరగా ఉంటుంది. మహిళల ఎల్‌పీజీఏ టూర్‌లో అది 94, 95 మైళ్ల ప్రాంతంలో ఉంటుంది. సరదాగా ఆడే మగవారిలో ఎక్కువమంది 85 నుంచి 95 మైళ్ల మధ్యలో ఉంటారు. అరవై దాటినవారిలో చాలామంది 80కి అటూ ఇటూగా ఉంటారు. అంటే వేగం లెక్కన మనకు దగ్గరి బంధువులు ఆదివారం రాత్రి టీవీలో కనిపించే పురుష విజేతలు కారు, మహిళా ప్రొఫెషనల్స్. అయినా అంతే వేగంతో ఆ మహిళలు బంతిని గాలిలోనే 220 గజాల దరిదాపులకు పంపుతుంటే, మన మగ ఆటగాళ్లలో అత్యధికులు 200 గజాలు కూడా దాటించలేకపోతున్నారు. ఆ క్రీడాకారిణులు బంతిని ఫేస్ మధ్యలో తాకిస్తారు. తల పైకి లేస్తున్న దశలో, సగటున మూడు డిగ్రీల ఎగువ కోణంతో తాకిస్తారు. అందుకే బంతి 13 డిగ్రీల ప్రాంతంలో ఎగురుతుంది. మనలో చాలామంది మాత్రం పైనుంచి కిందికి నరికినట్టు కొడతారు. అలా కొట్టే చేతికి 9 డిగ్రీల ఫేస్ ఇస్తే బంతి లేవడానికి అవకాశమే ఉండదు.

తోటలో పైపుతో నీళ్లు పట్టేటప్పుడు నీటి ఒత్తిడి తగ్గితే పైపు మూతిని కాస్త పైకెత్తుతాం, లేకపోతే చివరి మొక్కకు నీళ్లు అందవు. బంతి విషయంలోనూ అంతే, వేగం తగ్గేకొద్దీ ఎగిరే కోణం పెరగాలి. గంటకు 115 మైళ్ల వేగమున్నవారికి లాఫ్ట్ ఎక్కువైతే వెనక్కి తిరిగే స్పిన్ పెరిగి బంతి గాలిలో పైకి లేచి ఆగిపోతుందన్న భయం న్యాయమైనదే. 85 మైళ్ల వేగమున్నవారికి ఆ భయం అక్కరలేదు, వారికి ఆ స్పిన్ కొంత కావాలి కూడా. బంతిని గాలిలో నిలిపి ఉంచే శక్తి ఆ స్పిన్ నుంచే వస్తుంది. పైగా లాఫ్ట్ పెరిగితే పక్కకు వంపు తగ్గుతుంది. కుడిచేతి ఆటగాళ్లను వేధించే స్లైస్, అంటే బంతి కుడివైపుకు వంగిపోవడం, ఫేస్ తన కదలిక దారికి తెరుచుకుని, అంటే ఆ దారికంటే కుడివైపుకు చూస్తూ, ఉన్నప్పుడు వస్తుంది. ఆ తప్పు అంతే ఉన్నా, వెనక్కి తిరిగే స్పిన్ ఎక్కువగా ఉన్నప్పుడు బంతి తిరిగే అక్షం తక్కువగా వాలుతుంది కాబట్టి వంపు కూడా తక్కువగానే ఉంటుంది. ఎక్కువ లాఫ్ట్ ఉన్న పొట్టి క్లబ్ అయిన నైన్ ఐరన్‌తో తిన్నగా కొట్టగలిగే మనిషి డ్రైవర్ పట్టగానే బంతిని పక్కనున్న మరో హోల్ గడ్డి దారికి, అంటే పక్క ఫెయిర్‌వేకు పంపడానికి ఇది పెద్ద కారణం.

మా బావగారి సంగతి ఇక్కడ చెప్పాలి. ఆయన బ్యాంకులో పని చేసి రిటైరయ్యారు, ఆరోగ్యవంతులు, ఆట మీద ఎంతో ఇష్టం ఉన్నవారు. నగరంలోని ఒక దుకాణంవారు ఆయనకు 9 డిగ్రీల లాఫ్ట్, స్టిఫ్ (బిరుసైన) షాఫ్ట్ ఉన్న డ్రైవర్ అమ్మారు. కొట్టి చూస్తానని అడిగితే, అది ఆర్డర్ మీద తెప్పించే సరుకు గనుక ముందు అడ్వాన్స్ కట్టాలన్నారట. ఒకరోజు ఆయనతో పాటు సాధన మైదానమైన రేంజ్‌కు వెళ్లి, డ్రైవర్ ఫేస్ మీద టాల్కం పౌడర్ పలచగా అద్ది, కొన్ని బంతులు కొట్టమన్నాను. పౌడర్ మీద గుండ్రని మచ్చలన్నీ హీల్ వైపు, అంటే షాఫ్ట్ దిగే వైపు, ఫేస్ అడుగు భాగంలో ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మధ్యలో ఒక్క మచ్చ లేదు. బంతులు తలెత్తు ఎత్తున వెళ్లి, కుడివైపు తిరిగి, త్వరగా నేలకు దిగాయి. అక్కడే నిలబడి చూస్తున్న ఆటగాళ్ల సంచి మోసే ఒక క్యాడీ కుర్రాడు, "సార్, జోరు బాగానే ఉంది, బాల్ లేవట్లేదు సార్," అన్నాడు. ఆ తరువాత మరో ఆటగాడి దగ్గర ఉన్న 12 డిగ్రీల లాఫ్ట్, అంత బిరుసు లేని రెగ్యులర్ ఫ్లెక్స్, అంగుళం పొట్టి షాఫ్ట్ ఉన్న పాత డ్రైవర్ అడిగి తీసుకుని ఆయన చేతికిచ్చాను. మచ్చలు మధ్యకు జరిగాయి, బంతి ఎగిరింది, ఇరవై గజాలకు తక్కువ కాకుండా దూరం పెరిగింది. ఆయన స్వింగ్ అదే, ఆయన వయసు అదే. "ఇదేమిటి బావా, కష్టపడి కొట్టినట్టే లేదు!" అని ఆయన ఆశ్చర్యపోయారు.

ఆ పొట్టి షాఫ్ట్ సంగతి మరికొంత చెప్పుకోవాలి, ఎందుకంటే అమ్మేవారు దీని గురించి దాదాపుగా మాట్లాడరు. దుకాణాల్లో అలమరలో ఉండే డ్రైవర్లు సాధారణంగా 45.5 అంగుళాలు, కొన్ని 46 అంగుళాల వరకు ఉంటాయి. ప్రొఫెషనల్స్‌లో చాలామంది అంతకంటే పొట్టివి, 45 అంగుళాలకు అటూ ఇటూగా ఉన్నవి వాడతారు. రోజంతా సాధన చేసేవారే పొడవు తగ్గించుకుంటుంటే, వారానికి ఒకసారి ఆడేవారికి అంతకంటే పొడుగుది అంటగట్టడంలో న్యాయం నాకు కనిపించదు. పెర్సిమ్మన్ కలపతో డ్రైవర్లు చేసిన కాలంలో 43 అంగుళాల పొడవే మామూలు. పొడవు పెరిగితే తల వేగం కొంత పెరిగేమాట నిజమే, కానీ ఫేస్ మధ్యలో తాకించడం అంతకంటే కష్టమవుతుంది, మధ్య తప్పిన దెబ్బలో పోయే వేగం అదనంగా వచ్చిన వేగాన్ని మింగేస్తుంది. ఉన్న డ్రైవర్‌నే అర అంగుళం, అంగుళం కోయించుకోవచ్చు. అలా కోసినప్పుడు తల తేలికగా అనిపిస్తుంది కాబట్టి తలకు కొన్ని గ్రాముల బరువు కలపవలసి రావచ్చు. కోయించేముందు ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది: గ్రిప్‌ను ఒక అంగుళం కిందికి పట్టుకుని కొన్నాళ్లు ఆడి చూడండి. నియమాల ప్రకారం డ్రైవర్ 48 అంగుళాలు మించకూడదు. 2022 జనవరి నుంచి అగ్రశ్రేణి ప్రొఫెషనల్ పోటీల్లో 46 అంగుళాల హద్దు పెట్టుకునే వీలు కూడా కల్పించారు.

షాఫ్ట్ మీద రాసి ఉండే అక్షరాలను మగవారు పరువు సమస్యగా చూస్తున్నారు. స్టిఫ్‌కు ఎస్, రెగ్యులర్‌కు ఆర్, సీనియర్‌కు ఏ, లేడీస్‌కు ఎల్ అని వేస్తారు గానీ, ఎంత బిరుసుంటే ఎస్ అనాలన్న ఉమ్మడి ప్రమాణం కంపెనీల మధ్య లేదు. ఒక కంపెనీ రెగ్యులర్ మరో కంపెనీ స్టిఫ్ కంటే బిరుసుగా ఉండవచ్చు. కాబట్టి ఆ అక్షరం కంటే షాఫ్ట్ బరువును ముందు అడగాలి. డ్రైవర్ షాఫ్టులు 40 గ్రాముల నుంచి 70 గ్రాముల పైబడి వరకు దొరుకుతాయి. 85 మైళ్ల వేగంతో ఆడేవారు 50 గ్రాముల ప్రాంతంలో మొదలుపెట్టి, అంతకంటే తేలికైనదీ బరువైనదీ కొట్టి పోల్చుకుంటే తమకు ఏది కుదిరిందో త్వరగానే తెలిసిపోతుంది. మరీ తేలికైతే కొందరికి చేతిలో క్లబ్ ఎక్కడుందో తెలియక స్వింగ్ లయ తప్పుతుంది. బరువైతే పద్నాలుగో హోల్ వచ్చేసరికి భుజాలు అలిసిపోతాయి. మే నెల ఎండలో ఈ రెండోది ఎంత బాధిస్తుందో మన ఊరి ఆటగాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక తల గురించి. 1979లో టేలర్‌మేడ్ సంస్థ ఉక్కు తలతో డ్రైవర్ తెచ్చింది. 1991లో క్యాలవే వారి బిగ్ బెర్తా తలను పెద్దది చేసింది. 1995లో అదే సంస్థ టైటానియంతో ఇంకా పెద్ద తలను అందించింది. తలలు ఇలా పెరుగుతూ పోవడంతో నియమాలు రాసే యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ సంస్థలు 2004 నుంచి తల పరిమాణానికి 460 ఘన సెంటీమీటర్ల హద్దు పెట్టాయి. ఫేస్ ఎంత స్ప్రింగులా పని చేయవచ్చన్నదానికీ హద్దు ఉంది. అన్ని పెద్ద కంపెనీలూ ఆ హద్దుకు దాదాపు ఆనుకుని చాలాకాలమైంది. అందుచేత ఫేస్ సరిగ్గా మధ్యలో తాకిన దెబ్బకు ఈ ఏటి డ్రైవర్‌కూ అయిదారేళ్ల కిందటి డ్రైవర్‌కూ దూరంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ప్రతి ఏటా పదిహేను గజాలు పెరుగుతుందన్న ప్రకటనలు నిజమైతే ఈపాటికి మనమంతా 350 గజాలు కొడుతూ ఉండాలి. మెరుగుదల జరిగిన చోటు వేరే ఉంది. మధ్య తప్పిన దెబ్బలకు తల తక్కువగా మెలితిరిగేలా బరువును వెనక్కి, అంచులకు జరిపారు. సరదా ఆటగాడికి పనికొచ్చేది ఇదే. పింగ్, టేలర్‌మేడ్, క్యాలవే వంటి కంపెనీలు 'మాక్స్' అన్న పేరుతో అమ్మేవి సాధారణంగా ఈ కోవలోవి. ఎల్ఎస్, ఎల్ఎస్‌టీ అన్న అక్షరాలు ఉన్నవి స్పిన్ తగ్గించేవి, వేగం ఎక్కువున్నవారి కోసం చేసినవి. చూడడానికి అందంగా, చిన్నగా ఉంటాయని మనవాళ్లు వాటి వైపే మొగ్గుతారు. దయచేసి వాటికి దూరంగా ఉండండి. స్లైస్ తగ్గించడానికి హీల్ వైపు బరువు పెట్టిన నమూనాలు, పింగ్‌లో ఎస్ఎఫ్‌టీ పేరుతో వచ్చేటటువంటివి, నిజంగానే ఉపకరిస్తాయి. నెమ్మదైన స్వింగ్ ఉన్నవారి కోసం జపాన్‌లో రూపుదిద్దుకున్న జెక్సియో వంటి మొత్తం తేలికైన డ్రైవర్లు ఖరీదైనవే అయినా, అరవై దాటినవారు ఒకసారైనా కొట్టి చూడదగ్గవి.

తలను షాఫ్ట్‌కు కలిపే చోట తిప్పి లాఫ్ట్ మార్చుకునే ఏర్పాటు ఇప్పుడు చాలా డ్రైవర్లలో ఉంది. దీనితో లాఫ్ట్ పెంచితే, క్లబ్‌ను నేల మీద ఆనించినప్పుడు ఫేస్ కొద్దిగా ఎడమకు మూసుకుంటుంది, తగ్గిస్తే తెరుచుకుంటుంది. స్లైస్ ఉన్నవారికి మొదటిది రెండు విధాల మేలు. 10.5 డిగ్రీల తల కొని 12 డిగ్రీలకు తిప్పుకుని, బంతి ఎగరడం చూసి, ఆ తరువాత అవసరమైతే తగ్గించుకోవచ్చు. తల మీద వేసిన అంకెకూ కొలిస్తే వచ్చే కోణానికీ ఒక డిగ్రీ వరకు తేడా ఉండవచ్చునని కూడా గుర్తుంచుకోవాలి. బంతి ఎగిరే తీరే అసలైన కొలత.

మన నేల, మన వాతావరణం కూడా ఇదే చెబుతున్నాయి. గోల్కొండ దగ్గరి నయా ఖిలా గోల్ఫ్ మైదానంలో ఆడినా, గచ్చిబౌలిలోని బౌల్డర్ హిల్స్‌లో ఆడినా ఫెయిర్‌వే పక్కన దక్కన్ రాళ్లు, పొదలు కాచుకుని ఉంటాయి. వంగిపోయిన బంతి రాతికి తగిలి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. వెతకడానికి 2019 నుంచి మూడు నిమిషాలే గడువు. దొరక్కపోతే ఒక పెనాల్టీ దెబ్బ కలుపుకుని మళ్లీ మొదటి చోటి నుంచే కొట్టాలి. ఇరవై గజాల దూరం కోసం ఆశపడి ఇలా పోగొట్టుకునే దెబ్బలు ఒక రౌండ్‌లో మూడు నాలుగు ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో నేల గట్టిపడి బంతి బాగా దొర్లుతుంది కాబట్టి కిందిగా పోయే బంతి కూడా దూరం పోయినట్టే అనిపిస్తుంది. చాలామంది వేసవిలో డ్రైవర్ కొని మురిసిపోయేది ఈ దొర్లుడును చూసే. జులైలో వానలు పడి ఫెయిర్‌వే మెత్తబడ్డాక బంతి పడ్డచోటే కూరుకుపోతుంది; అప్పుడు గాలిలో ఎగిరిన దూరమే దూరం. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉండడంతో చెన్నై, విశాఖల కంటే ఇక్కడ గాలి పలచన, దానివల్ల నూటికి రెండు గజాల మేర లాభం ఉంటుంది గానీ, బంతి ముందు ఎగిరితేనే ఆ లాభం చేతికి అందుతుంది.

కొట్టి చూసే పద్ధతి గురించి రాయకపోతే ఈ లేఖ అసంపూర్ణం. లాంచ్ మానిటర్ అనే కొలత యంత్రం ఉన్న రేంజ్‌లు, ఇన్‌డోర్ సిమ్యులేటర్లు ఇప్పుడు నగరంలో ఉన్నాయి. గంటసేపు అద్దెకు తీసుకుంటే అయ్యే ఖర్చు డ్రైవర్ ధరలో చాలా చిన్న భాగం. అక్కడ చూడవలసినవి మూడే: బంతి ఎగిరిన కోణం, గాలిలో పోయిన దూరం, కుడిఎడమల మధ్య బంతులు ఎంత వెడల్పున చెదిరాయన్నది. ఒళ్లు వేడెక్కాక ఒక్కో డ్రైవర్‌తో ఎనిమిది, పది బంతులు కొట్టి, వాటిలో అన్నిటికంటే మంచి దెబ్బను పక్కన పెట్టేయాలి. ఆ ఒక్క దెబ్బను చూపించే సరుకు అమ్ముతారు. కొన్నవారు మాత్రం మిగిలిన తొమ్మిదింటితో ఆడవలసి ఉంటుంది. ఇంకొక జాగ్రత్త. రేంజ్ చాపల మీద బిగించి ఉండే రబ్బరు టీలు చాలాచోట్ల డ్రైవర్‌కు కావలసినదానికంటే పొట్టిగా ఉంటాయి. క్లబ్‌ను బంతి వెనుక ఆనించినప్పుడు బంతిలో సగం తల పైఅంచుకు ఎగువన కనిపించాలి; పొట్టి టీ మీద ఆ ఎత్తు రాదు, కాబట్టి ఆటగాడు తెలియకుండానే కిందికి నరుకుతాడు, ఆ కొలతలతో ఎంచుకున్న డ్రైవర్ మైదానంలో వేరుగా ప్రవర్తిస్తుంది. గడ్డి మీద సొంత టీ గుచ్చుకునే వీలుంటే అక్కడే పరీక్షించాలి. రేంజ్ బంతులు అరిగిపోయి ఉంటాయి, కొన్ని తక్కువ దూరం పోయేలా తయారైనవి కూడా. వాటితో దూరాన్ని నమ్మలేం గానీ, ఒక డ్రైవర్‌ను మరో డ్రైవర్‌తో పోల్చడానికి పనికొస్తాయి. పౌడర్ పరీక్షకు ఏ యంత్రమూ అక్కరలేదు. ఆట అయ్యాక తడిగుడ్డతో తుడిచేస్తే సరిపోతుంది.

డబ్బు ఆదా చేయదలచినవారు రెండు, మూడేళ్ల పాత నమూనా కొత్తదిగానే మిగిలి ఉంటే తీసుకోవచ్చు, లేదా తెలిసినవారి దగ్గర వాడినది కొనవచ్చు. వాడిన డ్రైవర్ ఫేస్‌ను వెలుతురులో పక్కనుంచి చూసి సన్నటి బీటలున్నాయేమో పరీక్షించాలి, తలను చెవి దగ్గర ఊపి లోపల గలగల వినిపిస్తుందేమో చూడాలి, షాఫ్ట్ తలలోకి దిగే చోట కదలిక ఉందేమో మెలితిప్పి చూడాలి. నమ్మలేనంత తక్కువ ధరకు ఆన్‌లైన్‌లో కనిపించే పెద్ద బ్రాండ్ల డ్రైవర్లలో నకిలీలు చాలా ఉన్నాయి. సీరియల్ నంబర్ అడిగితే మాట దాటేసేవారి దగ్గర కొనకండి. నియమాల హద్దు మించిన స్ప్రింగు గుణంతో, వృద్ధుల కోసమంటూ అమ్మే డ్రైవర్లు కూడా ఉన్నాయి. మిత్రులతో సరదా ఆటకు వాడుకుంటే వాడుకోవచ్చు గానీ, పోటీల్లోనూ హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె) కోసం నమోదు చేసే రౌండ్లలోనూ అవి చెల్లవు. కొనేముందు ఆ నమూనా అనుమతి పొందిన తలల జాబితాలో ఉందో లేదో యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ వెబ్‌సైట్లలో ఎవరైనా చూసుకోవచ్చు. కొన్నాక దాన్ని మే నెలంతా కారు డిక్కీలో వదిలేయకూడదు, ఆ వేడికి తలనూ షాఫ్ట్‌నూ పట్టి ఉంచే జిగురు మెత్తబడవచ్చు, గ్రిప్ రబ్బరు గట్టిపడి చెమట చేతుల్లో జారుతుంది.

డ్రైవర్ ఎంతకూ కుదరనివారు కొన్నాళ్లు డ్రైవర్ కంటే పొట్టిదైన త్రీ వుడ్‌తోనో, 300 ఘన సెంటీమీటర్ల ప్రాంతంలో తల ఉండే మినీ డ్రైవర్‌తోనో టీ షాట్ కొట్టడంలో తప్పేమీ లేదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మన గోల్ఫ్ క్రీడాకారిణి అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచింది. ఆ వారం ఆమెతో పాటు ముందు వరుసలో ఉన్నవారు ఆమెకంటే ఎంతో దూరం కొట్టేవారు. పతకానికి ఒక్క మెట్టు దిగువన ఆగిన ఆ నాలుగు రోజులూ ఆమె బంతిని ఆడదగ్గ చోట ఉంచి, బంతిని గుంతలోకి దొర్లించే పటర్‌తో పని పూర్తి చేసింది. మన ఊళ్లో ఆట మొదలుపెడుతున్న ప్రతి ఒక్కరూ ఆ రౌండ్లను వీడియోలో చూడాలని నా కోరిక.

చివరగా రెండు విన్నపాలు. మొదటిది మీ పత్రికకు: క్రీడల పేజీలో అప్పుడప్పుడైనా ఇటువంటి కొనుగోలు విషయాలను శిక్షకుల చేత తెలుగులో రాయించండి, ఎందుకంటే ఈ సమాచారమంతా ఇంగ్లిష్‌లోనే ఉండడం వల్ల చాలామంది అమ్మేవారి మాట మీదే ఆధారపడుతున్నారు. రెండవది నగరంలోని దుకాణాలకు, రేంజ్ నిర్వాహకులకు: మీ దగ్గర పరీక్షకు ఉంచే డ్రైవర్లలో అత్యధికం 9, 10.5 డిగ్రీలవి, స్టిఫ్ షాఫ్టులవి. మీ దగ్గరికి వచ్చేవారిలో అత్యధికులకు కావలసినవి అవి కావు. 12 డిగ్రీల తల ఒకటి, 50 గ్రాములకు లోపు షాఫ్టులు రెండు, 44.5 అంగుళాలకు కోసిన రెగ్యులర్ షాఫ్ట్ ఒకటి పరీక్షకు ఉంచండి. మహిళలకు గులాబీ రంగు చూసి ఇవ్వకుండా వారి వేగం కొలిచి ఇవ్వండి. ఎడమచేతి ఆటగాళ్ల కోసం కనీసం ఒక్క తలైనా తెప్పించి పెట్టండి. కొట్టి చూడకుండా అడ్వాన్స్ కట్టమని ఎవరినీ అడగకండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మెహదీపట్నం, హైదరాబాద్.